జార్జి మాక్డొనాల్డు: నీళ్లమీద వేసిన ఆహారము

ధ్యానమునకు చదువవలసిన భాగములు: ప్రసంగి 11:1-6; యోహాను 4:36-38



మన నెల్లూరు సంఘముల చరిత్ర ఎరిగినవారికి 1853వ సంవత్సరము జ్ఞాపకముండును. శామ్యూల్ డే దొరగారు 1840లో నెల్లూరు చేరి పదమూడేండ్లు గడచినను విశ్వాసుల లెక్క మిక్కిలి స్వల్పము. అమెరికాలోని ఆల్బనీ పట్టణమున కూడిన మిషను సభలో తెలుగు మిషనును మూసివేయుదమా అను ప్రశ్న లేచెను. పటములో ఒంటరి చుక్కవలె కనబడుచున్న నెల్లూరును వదలివేయుటకు కొందరికి మనస్సొప్పలేదు. ఆ చుక్క నిలిచెను. ఇరువదియైదేండ్లకు, 1878 జూలై నెలలో, గుండ్లకమ్మ నదియందు ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

అదే 1853లో ఇంగ్లండు దేశమున ఒక యౌవన పాదిరిగారు తన సంఘమును విడువవలసివచ్చెను. చేత డబ్బు లేదు, దేహములో క్షయరోగము, ఇంట భార్యాబిడ్డలు. ఆయన విత్తిన విత్తనమునకును పంట కలిగెను. అయితే అందులో మిక్కిలి ప్రసిద్ధికెక్కిన పంటను ఆయన కన్నులు చూడలేదు. ఆయన పేరు జార్జి మాక్డొనాల్డు. ప్రసంగపీఠమును పోగొట్టుకొని అద్భుత కథలు వ్రాసిన ఈ దైవజనుని జీవితమును మీకు చెప్పి, ఆయన పుస్తకములను మీ చేతికందించుటే ఈ వ్యాసము ఉద్దేశము.

తండ్రి ప్రేమ

మాక్డొనాల్డు 1824 డిసెంబరు 10న స్కాట్లండులోని హంట్లీ అను ఊరిలో జన్మించెను. ఎనిమిదేండ్ల ప్రాయమున తల్లి క్షయతో మరణించెను. ఇంట నాయనమ్మ మిక్కిలి నిష్ఠగలది. ఫిడేలు వాయించుట సాతాను ఉరియని తలంచి, తన కుమారుని ఫిడేలును ఆమె పొయ్యిలో వేసి కాల్చివేసెనని చెప్పుదురు. దైవభక్తి పేరిట సౌందర్యమును కాల్చివేయుట ఆ బాలుని మనస్సులో లోతుగా నాటుకొనెను. పెద్దవాడైన తరువాత రాబర్ట్ ఫాల్కనర్ అను నవలలో దానిని కథగా మలచెను.

అయితే ఆ యింట తండ్రి యుండెను. ఆయన రైతు. వ్యాధిచేత ఒక కాలు తీసివేయవలసివచ్చినపుడు, మత్తుమందులు లేని ఆ దినములలో, నొప్పి తెలియకుండుటకై యిచ్చిన సారాయిని సహితము త్రోసివేసి కోత భరించిన ధైర్యవంతుడు. అట్టి మనిషి బిడ్డలయెడల మిక్కిలి మృదువుగా నుండెను. తాను అడిగినది తండ్రి ఎన్నడును కాదనలేదని కుమారుడు ముసలితనమందును చెప్పుకొనెడివాడు. తండ్రియైన దేవుడను మాట వినగానే మనలో కొందరికి బెత్తము జ్ఞాపకము వచ్చును. మాక్డొనాల్డుకు హంట్లీ పొలములోని ఆ కుంటి రైతు జ్ఞాపకము వచ్చెడివాడు. ఆయన వేదాంతమంతటికి అదియే పునాది. ఇంట తండ్రులుగా నున్నవారు ఈ మాటయొద్ద ఒక నిమిషము ఆగవలెను.

ఆరండెల్ సంఘము

అబర్డీనులో ఎం.ఏ. పట్టము పొంది, లండనులో దైవశాస్త్రము చదివి, 1850లో ఆరండెల్ పట్టణపు కాంగ్రిగేషనల్ సంఘమునకు కాపరిగా వెళ్లెను. ఆ యేడే నోట రక్తము పడెను. మరుసటి సంవత్సరము మార్చిలో లూయీసా పవెల్ అను కన్యకను వివాహమాడెను.

ఆయన ప్రసంగములు బీదలకు నచ్చినవి. పెద్దలలో కొందరికి నచ్చలేదు. క్రీస్తును వినక చనిపోయిన అన్యజనులకు కూడ దేవుని కరుణలో నిరీక్షణ ఉండవచ్చునని ఆయన పలికెననియు, జర్మనీ దేశపు తలంపులు ఆయనకు అంటుకొన్నవనియు ఫిర్యాదు వచ్చెను. పెద్దలు ఆయనను సూటిగా పొమ్మనలేదు, జీతము తగ్గించిరి. తగ్గించినను ఆయన వెళ్లలేదు. బీద విశ్వాసులు తమ కలిమికొలది తెచ్చి ఆ కుటుంబమును ఆదుకొనిరి. చివరకు సంఘము చీలిపోకుండవలెనని 1853లో ఆయనయే రాజీనామా చేసెను. తనతో వచ్చువారిని వెంటబెట్టుకొని ఎదురు వీధిలో వేరొక సంఘము పెట్టలేదు. మన ప్రాంతములలో ఇట్టి తగవులు ఎట్లు ముగియునో మనకు తెలియును గనుక, ఆయన చేసిన పని ఎంత గొప్పదో మనము గ్రహింపగలము.

ఆయన నమ్మిన దానినంతటిని మనము నమ్మనక్కరలేదు. తుదకు అందరును రక్షింపబడుదురేమో అను ఆయన నిరీక్షణ మన సంఘముల ఉపదేశమును దాటిపోయినది. సమస్తమును పరీక్షించి మేలైనదానిని పట్టుకొనవలెనని పౌలు థెస్సలొనీకయులకు నేర్పిన సూత్రము ఈ పుస్తకములకును చాలును.

ప్రసంగపీఠము పోయి కలము మిగిలెను

అప్పటినుండి ఆయన జీవనము పాఠములు చెప్పుట, ఉపన్యాసములిచ్చుట, పుస్తకములు వ్రాయుట. 1855లో ఒక పద్య కావ్యము వెలువడెను. దానిని చదివిన బైరన్ కవిగారి భార్య ఆయన రోగమును బీదతనమును ఎరిగి, చలికాలము అల్జీరియాలో గడుపుటకు సాయము చేసెను. 1858లో ఫాంటాస్టీస్ అను కథ ప్రచురింపబడెను. ఆ యేడే తమ్ముడు జానును తండ్రియు మరణించిరి.

ఫాంటాస్టీస్ పెద్దలకొరకు వ్రాసిన అద్భుత కథ. అనోడస్ అను యువకుడు ఒక ఉదయమున నిద్ర లేచి చూడగా, తన పడకగది తివాసి గడ్డిమైదానమై, ముఖము కడుగుకొను తొట్టిలోని నీరు సెలయేరై పారుచుండును. ఆ యేటివెంట నడచి మాయారణ్యము చేరును. అక్కడ ఒక నల్లని నీడ అతనికి తగులుకొని, అతడు చూచిన ప్రతి సుందర వస్తువును పాడుచేయును. వీరుడు కాగోరి బయలుదేరినవాడు తుదకు మరియొక వీరునికి సేవకుడై, తన్ను తాను మరచి ప్రాణము పెట్టుటలో ఆనందము కనుగొనును. కథలో సువార్త అను మాట కనబడదు. అయినను చదువరి పుస్తకము మూయునప్పటికి, ప్రాణమును పోగొట్టుకొనువాడు దానిని దక్కించుకొనునని మన ప్రభువు నేర్పిన సత్యము హృదయమును తట్టును. ఆ కాలమందు ఈ పుస్తకమునకు పెద్ద ఆదరణ దొరకలేదు.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పవలెను. ఆక్స్‌ఫర్డు పండితుడైన డాడ్జ్‌సన్ గారు మాక్డొనాల్డు కుటుంబమునకు స్నేహితుడు. ఆయన చేతితో వ్రాసిన ఒక పిల్లల కథను అచ్చు వేయింపవచ్చునా అని తెలిసికొనగోరగా, లూయీసమ్మగారు దానిని తమ పిల్లలకు చదివి వినిపించెను. అట్టివి అరువదివేల పుస్తకములుండిన బాగుండునని చిన్నవాడు గ్రెవిల్ కోరుకొనెను. ఆ ఇంటివారి ప్రోత్సాహము వెనుక 1865లో లోకమునకు దొరికినదే ఆలిస్ కథ; రచయిత పేరు లూయిస్ కారల్ అని పడెను. తన పుస్తకములు అమ్ముడుపోని దినములలో ఇతరుని పుస్తకమును మెచ్చుకొని ముందుకు పంపుట అందరికి చేతకాదు.

ఉత్తరపు గాలి

మన సముద్రతీరపు పాఠకులకు నేను మొదట చేతికీయదలచిన పుస్తకము 1871లో వచ్చిన ఎట్ ది బ్యాక్ ఆఫ్ ది నార్త్ విండ్, అనగా ఉత్తరపు గాలి వెనుక. డైమండ్ అను బీద బాలుడు గుఱ్ఱపుశాలపైన అటకమీద పండుకొనును. బండి తోలువాని కుమారుడు. గోడలోని రంధ్రమునుండి చలిగాలి వీచును. ఒక రాత్రి ఆ గాలియే పొడవైన వెండ్రుకలుగల స్త్రీగా వచ్చి వానితో మాటలాడి, తన జడలో కూర్చుండబెట్టుకొని లోకము చూపును. ఆమె ఒక రాత్రి సముద్రములో ఓడను ముంచవలసి యుండును. ఇంత ప్రేమగల తల్లి మనుష్యులను ఎట్లు ముంచగలదని బాలుడు కలవరపడును. తాను పంపబడినదాననియు, ఆ గోలయంతటికి ఆవల దూరమునుండి ఒక పాట తనకు వినబడుచుండుననియు, ఆ పాట బలముననే తాను భరింపగలుగుచున్నాననియు ఆమె చెప్పును. ఆ ఓడ మునుగుటవలన డైమండ్ తండ్రికి పని పోవును. కుటుంబము బీదరికమున పడును. తండ్రి జబ్బుపడగా ఆ పసివాడే లండను వీధులలో బండి తోలి ఇల్లు గడుపును. రచయిత ఈ చిక్కును తేలికగా విప్పలేదు. బాలుడు తుదకు చనిపోవును. చనిపోలేదు, గాలి వెనుకనున్న దేశమునకు వెళ్లెనని కథ చెప్పువాడు నమ్మును.

ఈ ప్రశ్న మనకు క్రొత్తది కాదు. మైపాడు మొదలు జువ్వలదిన్నె, రామాయపట్నము వరకు ఏ పాళెములో అడిగినను, వేటకు పోయి తిరిగిరాని పడవ సంగతి చెప్పు ముసలమ్మ ఒకతె ఉండును. కార్తిక మాసమున ఈశాన్యపు గాలి లేచి వాయుగుండము పట్టినపుడు, 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినపుడు, దేవుడు మంచివాడైతే ఈ నీరు ఎవరు పంపిరను ప్రశ్న లేచును. యోనా ఓడయందును, గలిలయ సముద్రమున శిష్యుల దోనెయందును అదే కేక వినబడెను. 107వ కీర్తనలో తుపాను రేపినవాడును దానిని అణచినవాడును ఒక్కడే. మాక్డొనాల్డు ఆ కేకకు జవాబు కనుగొంటిననలేదు. ఆ కేక వేసిన బిడ్డను గాలి తన ఒడిలో ఉంచుకొనెనని మాత్రము చూపెను. ఓదార్చుటకు వెళ్లి మాటలు దొరకక కూర్చున్నవారికి ఇది ఎంత సాయమో చెప్పనక్కరలేదు.

సన్నని దారము

రెండవ పుస్తకము 1872లో వచ్చిన ది ప్రిన్సెస్ అండ్ ది గాబ్లిన్. మన రామాయపట్నములో వేదాంత పాఠశాల స్థాపింపబడిన యేడు కూడ అదియే. ఐరీన్ అను ఎనిమిదేండ్ల రాజకుమార్తె తన భవనపు గోపురమున, ఎవ్వరికి తెలియని ఒక ముత్తవ్వను కనుగొనును. మన పేదరాశి పెద్దమ్మ జ్ఞాపకము వచ్చును. అయితే ఈమె సౌందర్యమును తేజస్సును వేరు. ఆమె రాట్నముపై ఒక సన్నని దారము వడకి బిడ్డ ఉంగరమునకు కట్టును. అపాయము కలిగినపుడు ఆ దారమును వ్రేలితో తడవుచు నడువవలెను; అది ఎక్కడికి తీసికొనిపోయినను సందేహింపరాదు. ఒక దినమున అది బిడ్డను కొండ లోపలికి, పిశాచులు కాపురముండు చీకటి గనిలోనికి తీసికొనిపోవును. వెనుకకు తిరుగ జూచిన దారము చేతికి దొరకదు, ముందుకే నడువవలెను. ఆ చీకటిలో బందీయైయున్న కర్డీ అను గనిపనివాని కుమారుని ఆమె విడిపించును. తనకొరకు ఇయ్యబడెననుకొన్న దారము మరియొకని రక్షణకొరకు కూడ ఇయ్యబడెను. కర్డీ మాత్రము గోపురములో ఆ అవ్వను చూడలేడు. అతడు నమ్మలేదని ఐరీను ఏడ్చును. అతనికి కాలము కావలెననియు, నమ్మబడకపోవుటను ఓర్చుకొనవలెననియు అవ్వ ఆమెకు బోధించును.

ఆంగ్ల రచయిత చెస్టర్టను, ఈ పుస్తకము తన జీవితమునే మార్చెనని 1924లో వ్రాసెను. ఇంట తాను ఒక్కరే విశ్వాసియైనవారు, భర్తయో కుమారుడో తమవలె చూడలేదని రాత్రులు కన్నీరు కార్చువారు, ఈ కథలోని ఆ అధ్యాయమును తప్పక చదువవలెను.

దుఃఖములలో తలుపు తెరచిన ఇల్లు

1872-73లో ఆయన అమెరికా అంతట ఉపన్యాసములిచ్చెను. పేరు వచ్చెను గాని ధనము నిలువలేదు. పదునొకండుగురు బిడ్డల కుటుంబము. 1877 మొదలు ఆ కుటుంబమంతయు కలసి బన్యను యాత్రికుని ప్రయాణములోని రెండవ భాగమును నాటకముగా ఆడుచు ఊరూర తిరిగెను. పెద్ద కుమార్తె లిలియా క్రిస్టియానాగాను, తండ్రి యాత్రికులకు ముందు నడచు వీరునిగాను వేషము ధరించిరి. చిన్ననాట యాత్రికుని ప్రయాణమును తెలుగులో చదివిన మనకు, ఆ నాటకమును చూడలేకపోతిమే యని అనిపించును.

ఆ వీరుడు నిజముగా మృత్యునది యొడ్డున నిలువవలసివచ్చెను. 1878లో మేరీ, 1879లో పదునైదేండ్ల మోరిస్, 1884లో గ్రేస్, 1891లో లిలియా. నలుగురు బిడ్డలను పాతిపెట్టెను. ఈ మధ్యకాలముననే ఇటలీ సముద్రతీరమున బోర్డిగేరా ఊరిలో, స్నేహితుల సాయముతో కట్టిన ఇంటికి ధైర్యగృహము అని అర్థమిచ్చు పేరు పెట్టెను. ఆ యింటి తలుపు ఊరివారికందరికి తెరచియుండెను. వాద్యము, కావ్యపఠనము, ఆదివారపు ఆరాధన అక్కడ జరిగెడివి. దుఃఖము ఆ యింటి తలుపు మూయించలేదు.

1895లో తుది పెద్ద కథ లిలిత్ వ్రాసెను. తరువాత రోగముచేత మాట పడిపోయెను. కొన్ని సంవత్సరములు దాదాపు మౌనముగానే గడిపెను. 1902లో లూయీసమ్మగారు మరణించిరి. 1905 సెప్టెంబరు 18న ఇంగ్లండులో ఆయన నిద్రించెను. ఆయన చితాభస్మమును బోర్డిగేరాలో భార్య ప్రక్కన ఉంచిరి.

రైలు స్టేషనులో దొరికిన పుస్తకము

ఆయన పోయిన పదునొకండవ యేట, 1916 మార్చిలో, లెదర్‌హెడ్ రైలు స్టేషనులోని పుస్తకముల అంగడిలో పదునేడేండ్ల బాలుడొకడు ఫాంటాస్టీస్ కొనెను. వాడును చిన్నతనముననే తల్లిని పోగొట్టుకొన్నవాడు. దేవుడు లేడని తీర్మానించుకొన్నవాడు. ఆ పుస్తకము చదివి, ఆ వారముననే బెల్ఫాస్టులోని తన స్నేహితుడు ఆర్థర్ గ్రీవ్స్‌కు ఉత్తరము వ్రాసి, వెంటనే దానిని సంపాదించి చదువుమని బ్రతిమాలెను. ఆ బాలుడే సి. ఎస్. లూయిస్.

దానివలన వాడు అప్పుడే విశ్వాసి కాలేదు. యుద్ధమునకు వెళ్లి గాయపడెను, ఆక్స్‌ఫర్డులో పండితుడాయెను, 1931లో క్రీస్తును దేవుని కుమారుడని ఒప్పుకొనెను. పదునైదేండ్లు! ఆ రాత్రి తన ఊహాశక్తి బాప్తిస్మము పొందెననియు, తక్కిన తనకు మరికొంతకాలము పట్టెననియు 1955లో తన జీవితకథలో తెలిపెను. అంతకుముందే, 1946లో, మాక్డొనాల్డు రచనలనుండి దినమున కొకటి చొప్పున 365 భాగములేర్చి సంకలనముగా ప్రకటించి, ఈయన నా గురువని బాహాటముగా చెప్పుకొనెను. గురువు వాక్యరచన పలుచోట్ల సాగదీసినదిగా నున్నదని దాచలేదు. లోపము ఒప్పుకొని సిఫారసు చేసినందున ఆ సిఫారసుకు విలువ హెచ్చెను. నార్నియా కథలు చదివి ప్రభువును ప్రేమించిన పిల్లలు, లూయిస్ వ్యాసములు చదివి సంశయములు తీర్చుకొన్న పట్టభద్రులు మన సంఘములలోనూ ఉన్నారు. వారందరు తెలియకయే ఆరండెల్ పాదిరిగారికి ఋణపడియున్నారు.

మనకు

కట్టుకథలు విశ్వాసులకు తగునా అని కొందరు అడుగుదురు. యోతాము చెట్లు రాజును ఏర్పరచుకొన్న కథ చెప్పెను. నాతాను గొఱ్ఱెపిల్ల కథ చెప్పియుండనియెడల దావీదు హృదయము పగులకపోవునేమో. మన ప్రభువు ఉపమానము లేక జనులకు బోధింపలేదని సువార్తికుడు తెలిపెను. అబద్ధమును నిజమని చెప్పు కథ వేరు. కథయని చెప్పి నిజమును చూపు కథ వేరు. నాయనమ్మ కాల్చిన ఫిడేలును మనుమడు కథగా మరల వాయించెను.

ఇంగ్లీషు చదువగల యువతీ యువకులు ప్రిన్సెస్ కథతో ఆరంభింపవచ్చును. దుఃఖములో నున్నవారు ఉత్తరపు గాలి కథను, ఓపికగల పెద్దలు ఫాంటాస్టీస్‌ను, కాపరులు అన్‌స్పోకెన్ సెర్మన్స్ అను మూడు సంపుటములను చదువవచ్చును. సండేస్కూలు ఉపాధ్యాయులు తాము చదివి, డైమండ్ కథను వారమున కొంత చొప్పున తెలుగులో చెప్పిన యెడల, పిల్లలు రానున్న ఆదివారమునకై ఎదురుచూతురు. ఈ పుస్తకములపై హక్కుల కాలము ఎప్పుడో తీరినది గనుక సంపాదించుట కష్టము కాదు.

చెరసాలలో చలికి వణకుచున్న పౌలు, అంగీతోపాటు పుస్తకములను కూడ తెమ్మని తిమోతికి వ్రాసెను. ఫిలిప్పు నతనయేలుతో వాదింపక, వచ్చి చూడుమని పిలిచెను. పుస్తకమును సిఫారసు చేయుటకు ఆ పద్ధతియే శ్రేష్ఠము. మీరిచ్చిన పుస్తకము ఒకని బల్లమీద పదునైదేండ్లు పడియుండవచ్చును. ఆల్బనీ సభలో చుక్కను ఆర్పవద్దన్నవారు గుండ్లకమ్మ ఒడ్డున నిలువలేదు. విత్తువాడొకడు, కోయువాడొకడు.

ప్రార్థన

తండ్రీ, మా చేతిలోని కొద్దిపాటి విత్తనమును దాచుకొనక చల్లు మనస్సు మాకిమ్ము. గాలి వీచినపుడు నీ ఒడిని, చీకటిలో నీ దారమును మాకు తెలియజేయుము. మాకంటె ముందు విత్తినవారినిబట్టి నీకు వందనములు. మాకు తరువాత కోయువారిని ఆశీర్వదించుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.